నీళ్ళలోంచి తీసిన పాషాణాన్ని ఎక్కడ పెట్టాం: గాయ్‌ఘాటా బ్లాకులో ఒక కేస్ స్టడీ

ఊరి చేతిపంపుకు ఆర్సెనిక్ తీసే యూనిట్ పెట్టిన రెండో ఏడాది, వానలు తగ్గాక, దాని బురద పోసే గోతి మూత ఎత్తించాను. మూత కాస్త జరగగానే కుళ్ళిన గుడ్ల వాసన కొట్టింది. గోతిలో పోసినప్పుడు ఇటుకపొడిలా ఎర్రగా ఉన్న బురద బొగ్గులా నల్లగా మారింది. దాని మీద జానెడు లోతున నీళ్ళు నిలిచి ఉన్నాయి. చూడటానికి తేటగానే ఉన్నాయి. ఊరి తాగునీళ్ళ నుంచి ఏడాదిన్నరపాటు మేం కష్టపడి తీసిన ఆర్సెనిక్‌లో కొంత భాగం ఆ తేటనీళ్ళలో మళ్ళీ కరిగి ఉంది.

ఆర్సెనిక్ ఫిల్టర్ల మీద వచ్చే రిపోర్టులు చాలావరకు నీళ్ళు శుభ్రమైన చోట ఆగిపోతాయి. ఆ తర్వాత ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. మా తప్పు కూడా ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే అదే తప్పు మంచి ఉద్దేశంతో చాలామంది చేయగలరు.

నాది నల్లగొండ జిల్లా. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగినవాళ్ళను చూస్తూ పెరిగాను. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేస్తే, దానికి మా ఊరి పేరే వచ్చింది, నల్లగొండ టెక్నిక్ అని. బకెట్ అడుగున మిగిలే పటిక బురదను మా ఇళ్ళలో పెరట్లో పారబోసేవాళ్ళు. అది ఏమవుతుందని నేను అప్పుడు అడగలేదు. నీటి శుద్ధి ఇంజినీరునై బెంగాల్ వచ్చేదాకా ఆ ప్రశ్న నాకు తట్టనేలేదు.

ఊరు, నీళ్ళు

సియాల్దా నుంచి బన్‌గావ్ వెళ్ళే లోకల్ రైలెక్కితే హాబ్రా దాటాక గాయ్‌ఘాటా బ్లాకు వస్తుంది. ఉత్తర 24 పరగణాల జిల్లా. జనపనార, వరి, ప్రతి ఇంటికీ ఒక చెరువు, ప్రతి వాకిట్లో ఒక చేతిపంపు. పంపు కింది గచ్చు ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది. ఊళ్ళో పెద్దవాళ్ళు ఆ పంపులను ఎంతో అభిమానంగా చూసేవాళ్ళు. చెరువు నీళ్ళు తాగి కలరాతో, విరేచనాలతో పిల్లలు పోయిన రోజులు వాళ్ళకు గుర్తు. ఆ చావుల నుంచి కాపాడింది ఈ పంపులే. అలాంటి పంపులో విషముందంటే ముందు ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు.

పశ్చిమ బెంగాల్‌లో ఈ జబ్బును 1983లో మొదట గుర్తించినది కోల్‌కతా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధుల డాక్టర్ కె.సి. సాహా. ఒంటి మీద వానచినుకులు పడ్డట్టు మచ్చలు, అరచేతుల్లో, అరికాళ్ళలో ఆనెల్లాంటి గట్టి బొడిపెలు. కొన్నేళ్ళు తాగాకగానీ ఇవి బయటపడవు. ఇంకా ఏళ్ళు గడిస్తే చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయంలో క్యాన్సర్ వచ్చే ప్రమాదం. దీనికి నమ్మకమైన మందు లేదు. ఆ నీళ్ళు తాగడం మానేయడమే మొదటి వైద్యం. తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి బృందం ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి నీళ్ళు, గోళ్ళు, వెంట్రుకలు పరీక్షించి ఇది ఎంత దూరం పాకిందో చూపింది. సరిహద్దు అవతల బంగ్లాదేశ్‌లో 1993లో బయటపడింది.

మన భాషలో ఆర్సెనిక్ కొత్తదేం కాదు. శంఖపాషాణం, హరిదళం, మనశ్శిల అన్నీ దాని రూపాలే. కానీ పాషాణం అనగానే మనకు ఎవరో కావాలని పెట్టిన విషం గుర్తొస్తుంది. పటాన్‌చెరు ప్రాంతపు నీళ్ళలో కనిపించినది పరిశ్రమల వ్యర్థాల వల్ల వచ్చింది. బెంగాల్‌లో మాత్రం ఎవరూ ఏదీ కలపలేదు. అక్కడ నేలే దాన్ని వదులుతోంది.

ఎలా వదులుతోందో కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మా గోతి కథ కూడా ఇదే. హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులో ఇసుక రేణువులకు తుప్పు పొర ఉంటుంది. ఆర్సెనిక్ ఆ తుప్పును అంటిపెట్టుకుని వచ్చింది. ఒండ్రుతోపాటు పూడిపోయిన ఆకూ అలమను కింద బ్యాక్టీరియా తింటుంది. అలా తింటూ తింటూ అక్కడున్న ఆక్సిజన్‌ను వాడేస్తుంది. ఆక్సిజన్ అయిపోయాక తుప్పులోని ఇనుముతో పని నడిపించుకుంటుంది. దాంతో తుప్పు కరిగి ఇనుము నీళ్ళలోకి వస్తుంది, దాన్ని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ కూడా విడిపోతుంది. సుమారు 20 నుంచి 80 మీటర్ల లోతులో, చిన్న వయసు ఒండ్రులో ఇది ఎక్కువ. 150 మీటర్లు దాటిన పాత గోధుమరంగు ఇసుక పొరల్లో సాధారణంగా తక్కువ. గచ్చు మీది ఎర్రమరకా, నీళ్ళలోని విషమూ చాలాచోట్ల కలిసే ఉండటానికి కారణం ఇదే.

తుప్పుకు గాలి తగిలినంతకాలం అది ఆర్సెనిక్‌ను పట్టుకుని ఉంటుంది. గాలి ఆడకపోతే వదిలేస్తుంది. ఈ ముక్క నాకు కాలేజీ రోజుల నుంచీ తెలుసు. తెలిసి కూడా మూతపెట్టిన గోతి కట్టించాను.

యూనిట్

అప్పటికి ఆ జిల్లాలో ఒక మంచి నమూనా ఉంది. శిబ్‌పూర్‌లోని బెంగాల్ ఇంజినీరింగ్ కాలేజీ (ఇప్పటి ఐఐఈఎస్‌టీ), అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో పనిచేసే అరూప్ సేన్‌గుప్తాతో కలిసి 1997 నుంచి చేతిపంపులకే శుద్ధి యూనిట్లు బిగిస్తూ వచ్చాయి. ఆ పనికి 2007లో, ఆర్సెనిక్ తీసే పద్ధతుల కోసం పెట్టిన గ్రెయింజర్ పోటీలో వెండి బహుమతి వచ్చింది. అదే పోటీలో బంగారు బహుమతి సోనో ఫిల్టర్ చేసిన, బంగ్లాదేశ్‌లో పుట్టిన శాస్త్రవేత్త అబుల్ హుస్సామ్‌కు దక్కింది. మేం పెట్టినది శిబ్‌పూర్ నమూనాను అనుసరించినదే. నిలువెత్తు స్టీలు డ్రమ్ము, పై భాగంలో నీళ్ళకు గాలి తగిలే ఏర్పాటు, కింద సుమారు 100 లీటర్ల యాక్టివేటెడ్ అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గుళికలు. కరెంటు అక్కర్లేదు. రోజూ కలపాల్సిన రసాయనాలు లేవు. పంపు కొడితే చాలు.

పైన గాలి తగలగానే నీళ్ళలో కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి, తనతోపాటు ఆర్సెనిక్‌లో కొంత భాగాన్ని లాగేస్తుంది. మిగిలినదాన్ని కింది గుళికలు పట్టుకుంటాయి. ఇందులో ఒక మెలిక ఉంది. నేలలోంచి వచ్చే ఆర్సెనిక్ ఎక్కువభాగం మూడో సంయోజకత రూపంలో, విద్యుదావేశం లేకుండా ఉంటుంది. దాన్ని అల్యూమినా గుళికలు పట్టుకోవడం కష్టం. ఐదో సంయోజకతకు మారితే రుణావేశం వచ్చి సులువుగా అంటుకుంటుంది. నీళ్ళలో ఇనుము ఉండటం ఇక్కడ మాకు సాయం చేసింది. ఫాస్ఫేటు, సిలికా మాత్రం గుళికల మీద చోటు కోసం ఆర్సెనిక్‌తో పోటీపడతాయి, అందుకే ఒక ఊళ్ళో పనిచేసినంతకాలం ఇంకో ఊళ్ళో పనిచేయదు.

ముడి నీళ్ళలో ఆర్సెనిక్ లీటరుకు 120 మైక్రోగ్రాముల దగ్గర ఉండేది, ఇనుము 4 మిల్లీగ్రాములు. శుద్ధయ్యాక ఆర్సెనిక్ 10 లోపుకు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో చెప్పిన హద్దు అదే, మన ఐఎస్ 10500 ప్రమాణం కోరేదీ అదే. పరీక్ష ప్రతివారం కిట్‌తో, మూడు నెలలకోసారి కోల్‌కతా ల్యాబ్‌లో. కిట్‌లో జింకు పొడి, ఆమ్లం వేస్తే ఆర్సీన్ వాయువు పుట్టి పైనున్న మెర్క్యూరిక్ బ్రోమైడ్ కాగితాన్ని పసుపు నుంచి గోధుమ రంగు దాకా మారుస్తుంది. 10 దగ్గర ఆ పసుపు ఎంత లేతగా ఉంటుందంటే సాయంత్రం వెలుతురులో కనబడదు. అందుకని పరీక్ష పొద్దున పదింటికే చేయాలని పెట్టుకున్నాం. వాడిన కాగితాల్లో పాదరసం ఉంటుంది, వాటిని కూడా ఒక సీసాలో దాచాం.

యూనిట్ చూసుకోవడానికి ఊళ్ళో కమిటీ వేసుకున్నారు. లెక్కలు రాసే బాధ్యత ఒక అంగన్‌వాడీ దీదీ తీసుకున్నారు. పంపు చూసుకున్నది సైకిల్ రిపేరు చేసే ఒక దాదా. నన్ను వాళ్ళు ‘ఇంజినీర్ బాబు’ అనేవాళ్ళు. నా బెంగాలీ విని మొదట్లో నవ్వుకునేవాళ్ళు, తర్వాత సరిదిద్దేవాళ్ళు.

వచ్చిన వ్యర్థం ఎంత

ఈ లెక్కను ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలోనే రాసి ఉండాల్సింది. రోజుకు 6,000 లీటర్లు శుద్ధి చేసి, లీటరుకు 110 మైక్రోగ్రాములు తీస్తే, రోజుకు 0.66 గ్రాముల ఆర్సెనిక్. ఏడాదికి సుమారు 240 గ్రాములు, అంటే దాదాపు పావుకిలో. ఊరంతా చుక్కచుక్కగా తాగాల్సిన విషం ఒక్కచోట పోగవుతోంది. కాలం గడిస్తే పాతబడి విరిగిపోవడానికి ఇది పురుగుమందు కాదు, మూలకం. వెయ్యేళ్ళ తర్వాత కూడా పావుకిలో పావుకిలోగానే ఉంటుంది.

ఇనుము లెక్క వేరు. రోజుకు 24 గ్రాముల ఇనుము, ఏడాదికి దాదాపు 9 కిలోలు. తుప్పుగా మారి ఎండితే సుమారు 17 కిలోలు. రోజూ పొద్దున్నే దాదా కింది నుంచి నీళ్ళు ఎదురు పంపి గుళికలను కడిగితే ఈ తుప్పే ఎర్రనీళ్ళుగా బయటికొస్తుంది. అంటే మా దగ్గర రెండు రకాల వ్యర్థాలున్నాయి. రోజూ వచ్చే ఎర్రబురద ఒకటి, కొన్ని నెలలకో ఏడాదికో పట్టు అయిపోయే గుళికలు ఇంకొకటి. రెండోదాని గురించి అందరూ ఆలోచిస్తారు, అది కొనాల్సిన వస్తువు కాబట్టి. మొదటిది కాలువలో పారబోస్తే అడిగేవాళ్ళుండరు. పక్క ఊళ్ళో, ఇంకెవరో బిగించిన ఒక యూనిట్ దగ్గర సరిగ్గా అదే జరిగేది. ఎర్రనీళ్ళు నేరుగా చేపల చెరువులోకి పోయేవి.

మేం అలా చేయకూడదనే గోతి కట్టాం. ఇటుక గోడ, లోపల సిమెంటు పూత, పైన కాంక్రీటు మూత, దానికి తాళం. పిల్లలు ముట్టుకోరు, పశువులు తాగవు, ఎవరి కంటా పడదు. ఆరోజు కమిటీవాళ్ళతో నేను చెప్పిన మాట ఇంకా గుర్తుంది: ‘ఇక ఇది బయటికి రాదు, మీరు నిశ్చింతగా ఉండండి’ అన్నాను.

మమ్మల్ని నమ్మించిన సర్టిఫికెట్

ఊరికే ధైర్యంగా ఉండలేదు, ల్యాబ్ రిపోర్టు చూసుకునే ఉన్నాం. ఎండిన బురదను టీసీఎల్‌పీ పరీక్షకు పంపాం. వ్యర్థం చెత్తదిబ్బలో పడితే అందులోంచి విషం ఎంత కారుతుందో చెప్పడానికి పెట్టిన పరీక్ష అది. వ్యర్థాన్ని దాని బరువుకు 20 రెట్ల ఎసిటిక్ ఆమ్లపు ద్రావణంలో వేసి, సీసాను 18 గంటలు గుండ్రంగా తిప్పి, వడగట్టి చూస్తారు. ఆర్సెనిక్ లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదకర వ్యర్థం. మాది ఆ హద్దుకు చాలా కిందే వచ్చింది. కాగితం ఫైల్లో పెట్టి తాళం వేసేశాం.

ఆ పరీక్ష సీసం, కాడ్మియం లాంటి లోహాలకు బాగానే ఉంటుంది, ఎందుకంటే అవి ఆమ్లంలో కరుగుతాయి. ఆర్సెనిక్ తీరు అందుకు తలకిందులు. కొద్దిపాటి ఆమ్ల గుణం ఉన్నప్పుడు తుప్పు దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, క్షార గుణం పెరిగేకొద్దీ వదిలేస్తుంది. 18 గంటల్లో బ్యాక్టీరియా ఏ పనీ మొదలుపెట్టదు. సీసాలో గాలి ఉంటుంది. నిజమైన చెత్తదిబ్బ అడుగున గాలి ఉండదు, కుళ్ళే పదార్థం ఉంటుంది, ఏళ్ళ తరబడి సమయం ఉంటుంది. అంటే ఈ పరీక్ష ఆర్సెనిక్‌కు ఎంత అనుకూలమైన స్థితి ఉంటుందో అంత అనుకూలమైన స్థితి కల్పించి, ‘చూడండి, కదలడం లేదు’ అని చెబుతుంది. ముదిరిన చెత్తదిబ్బల్లో ఈ పరీక్ష చెప్పినదానికంటే ఎక్కువ ఆర్సెనిక్ కారుతుందని అమెరికాలో పరిశోధకులు 2004లోనే చూపించారు. నేను అది చదివింది గోతి తెరిచిన తర్వాత. ముందే చదివి ఉండాల్సింది.

గోతిలో ఏం జరిగింది

గోతికి పది అడుగుల దూరంలో ఒక పశువుల పాక ఉంది. వానాకాలంలో పాక కడిగిన నీళ్ళు, పేడ, ఆకులు మూత సందుల్లోంచి లోపలికి దిగాయి. మూత మూసి ఉండటంతో గాలి లేదు. బ్యాక్టీరియాకు తిండి దొరికింది, తుప్పు ఎదురుగానే ఉంది. ఒండ్రు పొరల్లో నిదానంగా సాగే పనే ఇక్కడ ఒక్క వానాకాలంలో జరిగిపోయింది. నలుపు ఐరన్ సల్ఫైడ్‌ది, వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది.

ఆ నీళ్ళను కిట్‌తో చూస్తే కాగితం వెంటనే ముదిరిపోయింది. 20 రెట్లు పలచన చేసి చూసినా ముదురుగోధుమే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా అదే కాగితాన్ని నల్లబరుస్తుంది. దాన్ని ఆపడానికి కిట్‌లో లెడ్ ఎసిటేట్ తడిపిన దూది ఉంటుంది, కానీ ఇంత ఘాటు గోతికి ఆ చిన్న దూది చాలదు. అందుకే కిట్ మాట నమ్మకుండా నమూనాలు కోల్‌కతా పంపాం. ల్యాబ్ ఫలితం కూడా అదే చెప్పింది. ఊరి చేతిపంపు ముడి నీళ్ళకంటే గోతి నీళ్ళలో ఆర్సెనిక్ ఎన్నో రెట్లు ఎక్కువ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గోతి అడుగు చీలి ఉంటే ఏమిటన్న టెన్షన్ అంతా ఇంతా కాదు. తెల్లారగానే చుట్టుపక్కల పంపులన్నీ పరీక్షించాం, గోతి గోడ పక్కన తవ్వి చూశాం. సిమెంటు పూత నిలిచింది, నీళ్ళు బయటికి పోలేదు. దాన్ని అదృష్టమనే నేను లెక్కవేస్తాను. ఆ పూత ఇంకెన్ని వానాకాలాలు ఆగేదో ఎవరు చెప్పగలరు?

కమిటీని కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. దీదీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగారు: ‘తాళం చెవి నా దగ్గరుంది. నేను మూత తీసి చూస్తూ ఉంటే ఇది ముందే తెలిసేదా?’ తెలిసేది. మేం ఆమెకు తాళం వేయమని చెప్పాం, తీసి చూడమని చెప్పలేదు.

శుభ్రం చేసిన తీరు

ఇది కాస్త వివరంగా రాస్తున్నాను, ఇలాంటి గోయి ఇంకెక్కడైనా ఉంటే పనికొస్తుందని. మొదటి నియమం, నల్లబురదకు ఆమ్లం తగలనీయకూడదు. తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది, మూసి ఉన్న గోతిలో అది మనిషిని చంపగలదు. అందుకే ఎవరినీ గోతిలోకి దింపలేదు. మూత పూర్తిగా తీసి రెండు రోజులు వదిలేశాం. తర్వాత గాలి ఎటు నుంచి వీస్తోందో అటువైపు నిలబడి, చేతిపంపుతో నీళ్ళను రెండు ప్లాస్టిక్ ట్యాంకుల్లోకి తోడాం.

ట్యాంకుల్లో కర్రతో గిలకొట్టి గాలి పట్టించాం. మూడో సంయోజకతలోని ఆర్సెనిక్‌ను మార్చడానికి గాలి ఒక్కటే చాలదు, చాలా నెమ్మది. బ్లీచింగ్ పౌడర్ వేశాం. సల్ఫైడే ముందు క్లోరిన్‌ను మింగేస్తుంది కాబట్టి మామూలు మోతాదు సరిపోలేదు, క్లోరిన్ కాస్త మిగిలేదాకా వేయాల్సి వచ్చింది. చాలాసేపు ఆగి, పీహెచ్ పడిపోకుండా సున్నపు తేట పోస్తూ ఫెర్రిక్ క్లోరైడ్ కొద్దికొద్దిగా కలిపాం. బ్లీచింగ్‌నూ, ఫెర్రిక్ క్లోరైడ్‌నూ ఒకేసారి గుమ్మరించకూడదు, ఫెర్రిక్ క్లోరైడ్‌కు ఆమ్ల గుణం ఉంది, ఆమ్లం బ్లీచింగ్‌ను తాకితే క్లోరిన్ వాయువు వస్తుంది. కొత్త తుప్పు ముక్కలు ఏర్పడి, రాత్రికి అడుగున పేరుకున్నాయి. పై నీళ్ళను ఇసుక వడపోత మీదుగా పంపి, పరీక్షించి, ఆర్సెనిక్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల లోపు వచ్చాకే వదిలాం. వ్యర్థజలాలను బయటికి వదలడానికి మన దేశంలో ఉన్న హద్దు అది. చెరువు వైపు మాత్రం పోనీయలేదు.

నల్లబురదను మందపాటి ప్లాస్టిక్ పట్టా మీద, రేకుల నీడలో పలచగా పరిచాం. కొన్ని రోజుల్లో అది మళ్ళీ ఎర్రగా తిరిగింది. దాదా రోజూ వచ్చి రంగు చూసి వెళ్ళేవాడు. నాకంటే ముందు అతనికే నమ్మకం కుదిరింది.

గోతిని పూడ్చేసి, దాని చోట శిబ్‌పూర్ నమూనాలో మొదటి నుంచీ ఉన్నదే కట్టాం: గరుకు ఇసుక వడపోత. వరద నీళ్ళు అందనంత ఎత్తున ఇటుక దిమ్మె, దాని మీద తొట్టి, అడుగున కంకర, పైన గరుకు ఇసుక, కింద నీళ్ళు జారే గొట్టం. పైభాగం తెరిచే ఉంటుంది. వాన పడకుండా రేకుల కప్పు, పిల్లలు, కోళ్ళు రాకుండా నాలుగు వైపులా ఇనుప జాలి. కడిగిన ఎర్రనీళ్ళు ఇందులో పడితే తుప్పు ఇసుక మీద ఆగుతుంది, నీళ్ళు జారిపోతాయి, గాలి ఆడుతూనే ఉంటుంది. ఈ వడపోత ఆ నమూనాలో ఎందుకుందో నాకు మొదట అర్థం కాలేదు. డబ్బు ఆదా కోసం పెట్టిన నాటు ఏర్పాటు అనుకుని, దాని బదులు నేను ‘పక్కా’ గోయి కట్టించాను. ఆ డిజైన్‌లో ఎక్కువ ఆలోచించి పెట్టిన భాగం అదే.

వచ్చిన సలహాలు

బురదను ఏం చేయాలన్న దానిపై సలహాలకు కొదవ లేదు. ఒక రైతు తన పొలం గట్టుకు వేసుకుంటానన్నాడు. వరి మడిలో నీళ్ళు నిలిచి ఉంటాయి, గాలి ఉండదు, గోతి కథే మళ్ళీ. పైగా వరి ఆర్సెనిక్‌ను బాగా పీల్చుకునే పంట. వద్దని చెప్పి ఒప్పించడానికి రెండుసార్లు ఆయన ఇంటికి వెళ్ళాను.

పేడలో కలిపితే ఆర్సెనిక్ ఆవిరై పోతుందన్న మాట బంగ్లాదేశ్‌లో బాగా ప్రచారంలో ఉండేది, ఇక్కడికీ వచ్చింది. పరీక్షించి చూసినవాళ్ళకు అలా ఆవిరయ్యేది చాలా స్వల్పమని తేలింది. పేడ కలిపితే ఏమవుతుందో మా గోయి మాకు చూపించింది కూడా. ఇటుకల్లో కలిపి కాల్చమన్నారు ఇంకొందరు. బట్టీ వేడికి కొంత ఆర్సెనిక్ పొగలో కలిసే ప్రమాదం ఉంది, ఆ పొగ పీల్చేది బట్టీ కూలీలు. నేను ఒప్పుకోలేదు. సిమెంటు దిమ్మెల్లో కలపడం వీటికంటే నయం, అయినా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలేకొద్దీ సున్నంతో కలిసిన ఆర్సెనిక్ నెమ్మదిగా విడివడుతుంది. ఆ దిమ్మె ఎవరి ఇంటి మెట్టు అవుతుందో, ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరు పగలగొడతారో రాసిపెట్టుకునేవాళ్ళు ఉండరు. నా మటుకు నాకు, విషం తక్కువ జాగాలో, గాలి తగిలే చోట, లెక్క తెలిసిన మనుషుల చేతిలో ఉండటమే మేలు.

గుళికల విషయంలో పని సులువైంది. శుద్ధయిన నీళ్ళ రీడింగు వరుసగా రెండుసార్లు 10 దాటితే గుళికలు మార్చేవాళ్ళం. పట్టు అయిపోయినవాటిని పారేయకుండా పలచని కాస్టిక్ సోడాతో కడిగితే ఆర్సెనిక్ వదిలేస్తాయి, తర్వాత పలచని ఆమ్లంతో కడిగితే మళ్ళీ వాడకానికి వస్తాయి. ఈ పని ఏ ఊరికా ఊళ్ళో చేయకూడదు, అన్ని ఊళ్ళ గుళికలూ ఒకేచోటికి తెచ్చి చేయాలి. కడిగిన కాస్టిక్‌ను, ఆమ్లాన్ని కలిపి సమం చేసి, ఇనుము వేస్తే ఆర్సెనిక్ అంతా గుప్పెడంత ముద్దలోకి వస్తుంది. 100 లీటర్ల గుళికల బరువు మోయాల్సిన చోట ఆ చిన్న ముద్దను మాత్రమే కాపాడుకుంటే చాలు.

కొళాయి వచ్చాక

ఈ జిల్లాలో కొంత ప్రాంతానికి నైహాటి దగ్గర హుగ్లీ నది నీళ్ళను శుద్ధి చేసి పైపుల్లో పంపే పథకం ఉంది. మా ఊరికి కూడా కొన్నేళ్ళకు కొళాయి నీళ్ళు వచ్చాయి. మేం కోరుకున్నదీ అదే. నది నీళ్ళు వస్తే చేతిపంపు యూనిట్ అవసరం తగ్గుతుంది, ఎవరూ దాని దగ్గరికి రారు, నెల చందా ఆగిపోతుంది. అప్పుడు ఆ స్టీలు డ్రమ్ములో 100 లీటర్ల గుళికలు, ఇసుక తొట్టిలో ఏళ్ళ తరబడి పేరుకున్న తుప్పు అలాగే ఉండిపోతాయి. పథకాల పత్రాల్లో యూనిట్ ప్రారంభానికి ఖర్చు రాస్తారు, మూసివేతకు రాయరు. పాత ఇనుము కొనేవాడు డ్రమ్ము తీసుకెళ్ళి గుళికలను రోడ్డు పక్కన గుమ్మరించిన చోట్లు నేను చూశాను.

మా ఊళ్ళో దీదీ ముందే ఒక పని చేశారు. నెల చందాలో కొంత విడిగా, ‘మూసే రోజు కోసం’ అని రాసి దాచారు. ఆ డబ్బుతో గుళికలను వాటిని కడిగే కేంద్రానికి పంపించాం, డ్రమ్మును కడిగించి అమ్మాం, కడిగిన నీళ్ళను ఇసుక తొట్టి మీదుగానే పోనిచ్చాం. తొట్టిలోని బురదను మాత్రం కదపలేదు. నేను చివరిసారి వెళ్ళినప్పుడు రేకుల కప్పు ఒక మూల తుప్పు పట్టింది, జాలి గట్టిగానే ఉంది. ఇసుక మీద బురద ఎర్రగా, పొడిగా ఉంది. దాదా దుకాణంలో ఒక నోటుబుక్కు వేలాడుతోంది. నెలకోసారి తొట్టి చూసి అందులో రంగు రాస్తున్నాడు. చివరి పేజీ తిప్పి చూశాను. ప్రతి నెలా ఒకటే మాట ఉంది: ‘లాల్’.